సమానం నెత్తిన ‘నిర్వ’

మంగళవారం, గుంటూరు.

డిగ్రీ తెలుగు మీడియం లెక్కల నోట్సు. ఇవాళ్టి పనల్లా సమాన గుర్తు నెత్తిన చిన్నగా ‘నిర్వచనం’ అని కూర్చోబెట్టడం. బయట బ్రాడీపేట ఎండకి మాడిపోతోంది కాబట్టి లోపల కూర్చుని చేసే పనికి ఇదే మంచి రోజు.

లేటెక్‌లో (లెక్కల పుస్తకాలు అచ్చుకి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) దీనికి రెండు దారులున్నాయి: స్టాక్‌రెల్ కమాండ్, ఏఎంఎస్‌మ్యాథ్ అనే అదనపు ప్యాకేజీలోని ఓవర్‌సెట్ కమాండ్. రెండింట్లోనూ మొదటి ఫ్లవర్ బ్రాకెట్లో పైన పెట్టేది, రెండోదాంట్లో అసలు గుర్తు రాయాలి. సమానం మీద పెడితే తేడా కనిపించదు. కూడిక మీద పెడితే బయటపడుతుంది. స్టాక్‌రెల్ అడుగున ఏమున్నా దాన్ని సమానంలాంటి సంబంధ గుర్తుగానే చూస్తుంది, ఓవర్‌సెట్ మాత్రం ఆ గుర్తుది ఏ జాతో చూసి అదే ఉంచుతుంది. లేటెక్‌కి పునాది అయిన టెక్, సంబంధ గుర్తుకి అటూ ఇటూ 5 ఎంయూల (గణితంలో ఖాళీని కొలిచే చిన్న కొలత) ఖాళీ వదులుతుంది, కూడికలాంటి వాటికి 4. పద్ధెనిమిది ఎంయూలు కలిస్తే ఒక ఎమ్, అంటే సుమారు ఫాంటు సైజంత వెడల్పు. కూడికకి ఖాళీ తేడాగా పడుతుంది కాబట్టి స్టాక్‌రెల్‌ని పక్కన పెట్టేయడమే మేలు.

సొంతంగా గుర్తు తయారుచేసేవాళ్లు తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే. బొమ్మ బాగానే కుదురుతుంది గానీ ఫ్లవర్ బ్రాకెట్లో ఉన్నదాన్ని టెక్ మామూలు అక్షరంగా తీసుకుంటుంది. దాంతో గుర్తు పక్క అక్షరాలకి అతుక్కుపోతుంది. చేతితో ఖాళీలు పెట్టుకుంటూ పోవడం దండగ. మొత్తాన్ని, సమానంలాంటి గుర్తయితే మ్యాథ్‌రెల్‌లో, కూడికలాంటిదైతే మ్యాథ్‌బిన్‌లో చుడితే సరిపోతుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. గణితం మధ్యలో నేరుగా ‘నిర్వ’ (నిర్వచనానికి పొట్టిపేరు) అని కొడితే అక్షరాలు చడీచప్పుడూ లేకుండా మాయమవుతాయి. కంపైల్ ఆగదు, హెచ్చరిక మాత్రం లాగ్ ఫైల్లో ఉంటుంది. టెక్స్ట్ అనే కమాండ్‌లో పెట్టాలి. ఎంబాక్స్ కమాండ్ వాడితే అక్షరాలు వస్తాయి గానీ సైజు తగ్గదు, సమానం మీద బండరాయి పెట్టినట్టుంటుంది. జీలేటెక్‌లో (యూనికోడ్ ఫాంట్లు వాడుకోనిచ్చే లేటెక్ రూపం) ఫాంటుకి స్క్రిప్ట్ తెలుగు అని చెప్పడం మరిచిపోతే వత్తులు విడిపోతాయి. అన్నీ సరిగ్గా చేసినా 10 పాయింట్ల పుస్తకంలో పైన ఉన్న మాట 7 పాయింట్లకి దిగుతుంది. ఆ సైజులో వావత్తు చదవాలంటే భూతద్దం కావాలి.

వత్తుతో ఇంకో పేచీ కూడా ఉంది. పైమాట అడుగుకీ గుర్తుకీ మధ్య కనీసం ఇంత ఖాళీ ఉండాలని టెక్ నియమం. వత్తు కిందికి వేలాడితే మాట మొత్తం పైకి జరుగుతుంది. ఒక వరసలో ‘క’, దాని కింది వరసలో ‘నిర్వ’ ఉంటే రెండూ ఒక ఎత్తులో ఉండవు. మాట ఏదైనా పక్కన విఫాంటమ్‌లో (అక్షరాన్ని చూపించకుండా దాని ఎత్తూ లోతూ మాత్రమే ఉంచే కమాండ్) ఒక వత్తక్షరం దాచిపెడితే ఎత్తులు కలుస్తాయి.

అలైన్‌లో (సమానాలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా సమీకరణాలు పేర్చే ఏర్పాటు) వరసలు పేర్చేటప్పుడు ఇంకో చిక్కు. పైమాట వెడల్పుగా ఉంటే సమానం ఆ వెడల్పు నడిమికి జరుగుతుంది, కింది వరసల్లోని సమానాలతో తిన్నగా ఉండదు. మ్యాథ్‌టూల్స్ ప్యాకేజీలోని మ్యాథ్‌క్లాప్ కమాండ్‌తో ఆ మాటని చుడితే వెడల్పు లెక్కలోకి రాదు, సమానం తన చోటికి వస్తుంది. అయితే ఎడమవైపు పొడుగాటి భిన్నం ఉంటే మాట దాన్ని తాకుతుంది. అక్కడ ‘నిర్వచనం’ తీసేసి ‘క’ అని పెట్టి, కింద వివరణ ఇవ్వడమే నయం.

బాణం అయితే ఓవర్‌సెట్ వద్దు, అది సాగదు. ఎక్స్‌రైట్‌ఆరో కమాండ్ గీసే బాణం మాటని బట్టి సాగుతుంది. స్క్వేర్ బ్రాకెట్లో రాసింది బాణం కిందికి, ఫ్లవర్ బ్రాకెట్లో రాసింది పైకి వెళ్తుంది.

సాయంత్రానికి ఇదంతా న్యూకమాండ్‌తో (సొంత కమాండ్లు తయారుచేసుకునే కమాండ్) ఫైలు మొదట్లో ఒక్కచోట చేరింది. కమాండ్ పేరులో అంకెలు కుదరవు కాబట్టి ‘నిర్వ1’, ‘నిర్వ2’ అనే పేర్లు పోయి ‘నిర్వఏ’, ‘నిర్వబీ’ వచ్చాయి. సమానం నెత్తిన ఈక్యూరెఫ్‌తో సమీకరణం నంబరు పెట్టిన చోట్ల మొదటిసారి రెండు ప్రశ్నార్థకాలే వచ్చాయి. రెండోసారి కంపైల్ చేశాక నంబర్లు పడ్డాయి.