మాత్ర పనిచేయడం వేరు, సరిపడటం వేరు

డిప్రెషన్‌కు మందు వాడాలని ఒప్పుకోవడం ఒక ఎత్తు, ఆ మందు ఒంటికి సరిపడటం మరొక ఎత్తు. మొదటి దాని గురించి ఇప్పుడు చాలామంది ధైర్యంగానే మాట్లాడుతున్నారు. ఒక మాత్ర జబ్బును తగ్గిస్తూనే మరో విధంగా బాధపెడుతుంటే ఏం చేయాలన్న విషయం మీద మాత్రం తెలుగులో నాకు చదవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు రెండోసారి కుంగుబాటు వచ్చేనాటికి మేము బెంగళూరులో రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఆపైన నిద్ర పట్టేది కాదు, ముద్ద గొంతు దిగేది కాదు, ఏళ్ల తరబడి చేస్తున్న జీఎస్టీ లెక్కలు సైతం ఎన్నిసార్లు చూసినా బుర్రకెక్కేవి కావు. మొదటిసారి కౌన్సెలింగ్‌తోనే కోలుకున్నాను. ఈసారి ఈ లక్షణాలకు తోడు చనిపోతే బాగుండునన్న ఆలోచన కూడా వచ్చి చేరింది. ఆ మాట మా ఆయనతో చెప్పగానే, ఇంకేమీ వాదించకుండా, మర్నాడు పొద్దున్నే నన్ను హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఓపీకి తీసుకెళ్లారు.

అక్కడ రాయలసీమ నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనిపించారు. నన్ను చూసిన డాక్టరమ్మకు తెలుగు రావడం నా అదృష్టం. ఎందుకంటే ఇటువంటి బాధను పరాయి భాషలో చెబితే సగం లోపలే మిగిలిపోతుంది. ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది: ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, అతిగా ఉత్సాహంగా, చేతికి అందినంత ఖర్చు పెడుతూ గడిపానా అని. బైపోలార్, అంటే అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు ఉన్మాదం వైపు మళ్లే ప్రమాదం ఉందట. అందుకని మందు రాసే ముందే ఆ సంగతి తేల్చుకుంటారు. థైరాయిడ్ తక్కువైనా కుంగుబాటు లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష, దానితో పాటు బీ12 పరీక్ష చేయించారు. వాడుతున్న ఇతర మందులన్నీ, నడుము నొప్పికి వేసుకునే ట్రమడాల్‌తో సహా, రాసుకున్నారు. డిప్రెషన్ మందులాగే ఇది కూడా నరాల మధ్య సందేశాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతుందని, అటువంటి మందులు రెండు కలిస్తే ప్రమాదం కావచ్చని చెప్పి ఆ నొప్పి మాత్రను మార్పించారు.

మొదట ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. ఈ రకం మందుల్లో ఓర్చుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సంగతి ఒకటుంది: ఇబ్బందులు మొదటి రోజు నుంచే వస్తాయి, మేలు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు గాని తెలియదు, పూర్తి ఫలితం చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు తొంభై శాతం పేగుల్లోనే ఉంటుంది కాబట్టి తొలి రోజుల్లో కడుపులో తిప్పడం, విరేచనాలు సాధారణమేనని ముందే చెప్పారు. ముందే తెలియడం వల్ల నేను కంగారు పడలేదు. నాకు వాటితో పాటు కుదురుగా కూర్చోలేని ఆందోళన కూడా వచ్చింది. అటువంటి ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాను. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు ఉంటుంది. ఓపీ తేదీ దూరంగా ఉన్నవారికి ఇది పెద్ద ఆసరా.

నిద్ర కోసం మొదటి రెండు వారాలకే అని స్పష్టంగా రాసి క్లోనజెపామ్ ఇచ్చారు. మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, “అవి అలవాటైపోయే మాత్రలంట కదమ్మా” అని భయపడేది. ఆ భయంలో కొంత నిజం ఉంది, కాని అది క్లోనజెపామ్‌కు వర్తించే నిజం. అది ఎక్కువ కాలం వాడితే శరీరం దానికి అలవాటుపడి మోతాదు పెంచమంటుంది. డిప్రెషన్ మందులకు ఆ వ్యసన గుణం లేదు. అయితే వీటిని కూడా ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, చిరాకు, తలలో కరెంటు జిల్లుమన్నట్టు అనిపించడం ఉంటాయి కాబట్టి నెమ్మదిగా తగ్గించాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే మన ఇళ్లలో అవసరమైన మందు కూడా మధ్యలో ఆగిపోతోందని నా అభిప్రాయం.

ఎస్సిటాలోప్రామ్ పనిచేసింది. నిద్ర కుదిరింది, చావు ఆలోచనలు పోయాయి, ఆఫీసులో మళ్లీ నా పని నేను చేయగలిగాను. అసలు సమస్య ఆ తర్వాత మొదలైంది. చెల్లెలి సీమంతానికి మదనపల్లె వెళ్లినప్పుడు అందరూ నవ్వుతుంటే నాకు సంతోషం గాని దుఃఖం గాని ఏదీ అనిపించలేదు. చెల్లెలు చేయి పట్టుకుని, “అక్కా, నీకు ఇష్టం లేదా ఇది?” అని అడిగింది. ఇష్టం లేక కాదు, ఏ భావమూ లోపలిదాకా చేరడం లేదు. దీనితో పాటు లైంగిక ఆసక్తి దాదాపు పోయింది. ఆసక్తి కలిగిన రోజున కూడా భావప్రాప్తి సాధ్యమయ్యేది కాదు. ఈ వర్గం మందుల్లో ఇది ఆడవారికీ మగవారికీ తరచుగా వచ్చే ఇబ్బంది. వికారంలా కొద్ది రోజుల్లో దానంతట అది తగ్గుతుందన్న భరోసా లేదు.

దీన్ని డాక్టరు ముందు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే మా ఆయనా నేనూ ముందు మా ఇద్దరి మధ్య ఆ మాట ఎత్తడానికే చాలా కాలం పట్టింది. ఆయన మాత్రం ఒక్కటే అన్నారు: “నువ్వు తిరిగొచ్చావు, అదే చాలు నాకు. కానీ నీకు చాలకపోతే డాక్టరమ్మకు చెబుదాం.” కేవలం “బాగోలేదు” అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. అది జబ్బు మిగులా, మందు ప్రభావమా తేలాలంటే కాలక్రమం కావాలి. నేను మొదటి నుంచీ ఒక చిన్న నోటుబుక్కులో నిద్ర, ఆకలి, మూడ్, ఇబ్బంది అని రాసుకుంటూ వచ్చాను. దిగులు తగ్గిన తర్వాత, మోతాదు 10కి పెరిగాక ఈ మొద్దుబారడం మొదలైందని అందులో స్పష్టంగా కనిపించింది. డాక్టరమ్మ అది చూసి వెంటనే మార్పు గురించి మాట్లాడారు. మొదట మోతాదు తగ్గించి చూశాం, కాని తెల్లవారుజాము మెలకువలు తిరిగొచ్చాయి.

మందు మార్చడమంటే ఓడిపోయినట్టు కాదని ఆమె వివరించిన తీరు నాకు ధైర్యమిచ్చింది. డిప్రెషన్ చికిత్సల మీద అమెరికాలో జరిగిన స్టార్‌డీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా పోయినవారు సుమారు మూడోవంతు మందే. అంటే రెండో మందు, మూడో మందు దాకా వెళ్లవలసి రావడం ఈ చికిత్సలో మామూలు దారే.

రెండోది మిర్టాజపిన్. మొదటి దాన్ని మెల్లగా తగ్గిస్తూ దీన్ని రాత్రిపూట మొదలుపెట్టారు. నిద్ర, ఆకలి లేనివారికి ఇది మంచి మందు, లైంగిక ఇబ్బందులు కూడా తక్కువే. నాకు నిద్ర ఎంత పట్టిందంటే పొద్దున పది దాటేదాకా మగత వదిలేది కాదు. ఆకలి అదుపు తప్పింది, బరువు పెరిగింది. నాన్నకు, నాయనమ్మకు షుగరు ఉన్న కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి ఆ బరువును చిన్న విషయంగా తీసుకోలేకపోయాను. పరీక్షలో షుగరు హద్దుకు దగ్గరగా వచ్చేసరికి డాక్టరమ్మ కూడా అదే మాట అన్నారు.

మూడోది వోర్టియోక్సెటిన్, మొదట 5, ఇప్పుడు 10 మిల్లీగ్రాములు. ధర మొదటి మాత్ర కంటే ఎక్కువే. దీని ప్రధాన ఇబ్బంది వికారం. భోజనం తర్వాత వేసుకోవడం వల్ల నాకు అది ఓర్చుకోదగినంతగా ఉండి, కొన్ని వారాల్లో తగ్గింది. అప్పుడప్పుడు ఒళ్లు దురద పెడుతుంది, అది కూడా ఈ మందుకు తెలిసిన ప్రభావమే. కాని చెల్లెలి కూతురిని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఏడుపొచ్చింది నాకు, మంచి ఏడుపు. మా ఆయనతో దగ్గరితనం కూడా మెల్లమెల్లగా తిరిగొచ్చింది. ఇదే మందు ఇంకొకరికి పడకపోవచ్చు, నాకు పడని మిర్టాజపిన్ బరువు తగ్గిపోతున్న మరొకరికి ప్రాణం నిలబెట్టవచ్చు. కాబట్టి పేరు చూసి మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దని వేడుకుంటున్నాను.

మొదటిసారి వచ్చినవారికి కోలుకున్నాక కనీసం ఆరు నెలలు మందు కొనసాగిస్తారు. నాకిది రెండోసారి కాబట్టి రెండేళ్లు వాడదామన్నారు, ఆపేటప్పుడు మోతాదు తగ్గిస్తూ ఆపుదామన్నారు. అమ్మకు ఈ లెక్క చెప్పినప్పటి నుంచి జీవితాంతం వాడాలా అని అడగడం మానేసింది. నోటుబుక్కులో రాయడం మానలేదు. వచ్చే ఓపీలో అడగవలసిన వాటిలో ఆ దురద సంగతి మొదటిది, నడుము నొప్పికి ఈ మందుతో పాటు ఏ మాత్ర వేసుకోవచ్చన్నది రెండోది.