పెద్ద నదిలో ట్రౌట్, సాల్మన్ వేట: ఈ సీజన్‌లో అంచు దగ్గర నేర్చుకున్నవి

చిన్న వాగులో చేప ఎక్కడుంటుందో చూడగానే తెలిసిపోతుంది. రాయి వెనక గుంట, ఒరిగిన చెట్టు కింద నీడ, అంతే. పెద్ద నది అంత సులువుగా అంతు చిక్కదు. అవతలి ఒడ్డు ఎక్కడో ఉంటుంది, మధ్యలో నీళ్లన్నీ ఒకేలా పోతున్నట్టు కనిపిస్తాయి. అందుకే ఈ సీజన్‌లో నది మొత్తం జోలికి పోకుండా సుమారు 200 మీటర్ల ముక్క ఒకటి ఎంచుకున్నాను. పైన రాళ్ల మీద ఉరికే నీళ్లు, దాని కింద పొడవాటి మడుగు, చివర నీళ్లు మళ్లీ పలచబడి జారే చోటు. మట్టం మారినప్పుడల్లా ఈ ముక్క ఎలా మారుతోందో నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. ప్రవాహం ఎన్ని క్యూసెక్కులు, నీటి ఉష్ణోగ్రత ఎంత, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, చేప పడితే సరిగ్గా ఎక్కడ పడింది. రాసేవి ఈ నాలుగే.

ఇప్పటికి గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. పెద్ద నదిలో చేప మనం అనుకున్న దానికన్నా ఒడ్డుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఎర ఎంత దూరం పడిందన్నది తర్వాత సంగతి. ఎంత లోతున, ఎంత నెమ్మదిగా పోతోందన్నది ముందు చూసుకోవాలి.

వరద తీస్తున్నప్పుడు

నీళ్లు పెరుగుతున్నంత సేపూ నేను రాడ్ (గాలం కర్ర) బయటకు తీయను. చెత్త కొట్టుకొస్తుంది, నీళ్లు మురికిగా ఉంటాయి, పైగా ప్రమాదం. మట్టం తగ్గడం మొదలై, మోకాలి లోతులో నా బూట్లు నాకు కనిపించే రోజు కోసం చూస్తాను. అప్పుడు నది మధ్యలో ఉరవడి చేప నిలవలేనంత జోరుగా ఉంటుంది. నేల రాపిడి వల్ల అడుగున, ఒడ్డు వెంబడి నీళ్లు నెమ్మదిస్తాయి. ఎగువకు పోయే సాల్మన్ అయినా, తిండి కోసం నిలబడే ట్రౌట్ అయినా శక్తి మిగిలే దారినే పట్టుకుంటుంది. ఈ రోజుల్లో నోట్‌బుక్‌లో రాసుకున్న చేపల్లో ఎక్కువ భాగం ఒడ్డు నుంచి నాలుగైదు మీటర్ల లోపలే పడ్డాయి.

అందుకని ఇప్పుడు నీళ్లలో దిగే ముందే గట్టు మీద నిలబడి, రాడ్ పొడవంత దూరంలో మొదటి విసురు వేస్తున్నాను. తర్వాత కొద్దికొద్దిగా లైన్ (రాడ్ నుంచి ఎరదాకా పోయే దారం) పెంచుతాను. చాలనిపించే పొడవు వచ్చాక ఇక పెంచను. విసరడం, ఎర అవతలి నుంచి నా కిందికి వచ్చేదాకా ఆగడం, రెండడుగులు దిగువకు వేయడం. మడుగు చివరిదాకా ఇదే. ఇలా దిగితే చేప కళ్ల ముందుకు ఎర ఏదో ఒక విసురులో తప్పకుండా వస్తుంది. పెద్ద నదిని వెతకడానికి నాకు ఇంతకన్నా మంచి పద్ధతి దొరకలేదు.

లోతు, వేగం

గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులానో చిన్న చేపలానో కట్టే ఎరే ఫ్లై. దాన్ని ఒడ్డుకు అడ్డంగా నేరుగా విసిరితే మధ్యలో జోరు నీళ్లు లైన్‌ని విల్లులా వంచి ఫ్లైని ఈడ్చుకెళ్తాయి. చల్లటి నీళ్లలో చేప అంత వేగంగా పోయేదాని వెంట పడదు. 45 డిగ్రీలు దిగువకు విసిరితే ఫ్లై నెమ్మదిస్తుంది. ఇంకా దిగువకు విసిరితే ఇంకా నెమ్మది. లైన్ నీళ్లమీద పడగానే రాడ్ కొనతో దాన్ని ఎత్తి ఎగువకు మళ్లించడాన్ని మెండ్ అంటారు. ఆ ఒక్క మెండ్ వల్ల ఫ్లై మునగడానికి టైమ్ దొరుకుతుంది. సీజన్ మొదట్లో రెండు మూడు మెండ్‌లు వేస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు ఒకటి పెద్దగా వేసి వదిలేస్తున్నాను. లైన్‌ని పదే పదే కదిలిస్తే మునిగిన ఫ్లై మళ్లీ పైకి లేస్తుంది.

మునిగే కొన ఉన్న లైన్లకు టైప్ నంబర్లు ఉంటాయి. టైప్ 3 అంటే నిలకడ నీళ్లలో సెకనుకు సుమారు 3 అంగుళాలు, టైప్ 6 అంటే సుమారు 6 అంగుళాలు మునుగుతుంది. పారే నీళ్లలో అంత మునగదు, లైన్ బిగుసుకునే కొద్దీ తేలుతుంది. నా లెక్క తేలికైనది. పది విసుర్లలో ఒకటి రెండుసార్లు ఫ్లై అడుగు రాళ్లకు తగలాలి. అసలు తగలకపోతే బరువైన కొన, ప్రతిసారీ తగిలితే తేలికైన కొన.

లైన్ కొనకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి నరం లీడర్. దాని చివరి ముక్క మందాన్ని X లో చెబుతారు. దానికో చిన్న లెక్క ఉంది: 11 లోంచి X సంఖ్య తీసేస్తే వెయ్యో వంతు అంగుళాల్లో మందం వస్తుంది. 4X అంటే 7, అంటే సుమారు 0.18 మిల్లీమీటర్లు. ట్రౌట్‌కి తేట నీళ్లలో అదే వాడుతున్నాను. సాల్మన్‌కి 0X కన్నా సన్నం వాడను, చేపను తొందరగా ఒడ్డుకు తేవడానికి.

రెండు చేతుల రాడ్

నా 13 అడుగుల రాడ్ ఈ ఏడాది బాగా చేతికి అలవాటైంది. వెనక చెట్లున్నా విసరగలిగే ఈ స్పే పద్ధతికి స్కాట్లాండ్‌లోని స్పే నది పేరే వచ్చింది. గాలి దిశ ముందు చూసుకోవడం ఇందులో అసలు విషయం. ఇందులో రెండు రకాల విసుర్లున్నాయి: గాలి దిగువకు వీస్తుంటే డబుల్ స్పే, ఎగువకు వీస్తుంటే సింగిల్ స్పే. లైన్ వంపు ఎప్పుడూ మన ఒంటికి గాలి వాలున ఉండాలి, లేదంటే గాలం ముఖం మీదికి వస్తుంది. డబుల్ స్పే ఇప్పుడు ఆలోచించకుండానే పడుతోంది. సింగిల్ స్పేలో కింది చేయి ఇంకా సరిగా లాగడం లేదు, పని అంతా పై చేయే చేస్తోంది.

ఎండలు ముదిరాక

థర్మామీటర్ జేబులో లేకుండా ట్రౌట్ వేటకు వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీళ్లలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 9.1కి పడిపోతుంది. అదే సమయంలో చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అలాంటప్పుడు గాలానికి పడి పెనుగులాడితే కోలుకోవడం కష్టం. నీళ్లు 18 దాటితే తెల్లవారుజామున మాత్రమే దిగుతాను, 20 వస్తే సామాను సర్దేస్తాను.

వదిలేసే చేపను గాల్లో ఉంచడం గురించి ఫెర్గూసన్, టఫ్ట్స్ 1992లో ప్రచురించిన ప్రయోగం చదివాక నా అలవాట్లే మారాయి. బాగా అలసిన రెయిన్‌బో ట్రౌట్‌ని నీళ్లలోనే ఉంచితే 12 గంటల తర్వాత 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాల్లో ఉంచితే 62 శాతం, 60 సెకన్లు ఉంచితే 28 శాతమే. ఇప్పుడు ముల్లు నొక్కేసిన గాలం, రబ్బరు వల. వల నీళ్లలోనే, చేతులు తడిపి, పటకారుతో గాలం తీసేయడం. ఫోటో కావాలంటే వలలో ఉండగానే.

మొన్న పడిన బ్రౌన్ ట్రౌట్‌ని అలాగే చూశాను. పక్కల మీద ఎర్రటి చుక్కలు, ఒక్కోదాని చుట్టూ పాలిపోయిన నీలి వలయం. తలను ఎగువకు పెట్టి తోక మొదలు దగ్గర మెల్లగా పట్టుకున్నాను. మొప్పలు ముందు గబగబా, తర్వాత నింపాదిగా ఆడాయి. తోక ఒక్కసారి గట్టిగా కొట్టి నా వేళ్లలోంచి జారిపోయింది. తనంతట తాను బలంగా లాక్కునేదాకా వదలకూడదు.

సాల్మన్ ఎక్కడం మొదలయ్యాక

గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చిన సాల్మన్ దాదాపు తిండి మానేస్తుంది. అయినా ఫ్లైని కొడుతుంది, కోపమో పాత అలవాటో. తను పుట్టిన ఏటిని వాసనతో గుర్తుపడుతుందని హాస్లర్, విస్బీ 1951లో ప్రతిపాదించారు, తర్వాతి ప్రయోగాలు దాన్ని బలపరిచాయి. ఆకలి లేని చేప కాబట్టి అది అలసి ఆగే చోటు పట్టుకోవడమే మన పని. నా ముక్కలో అది ఉరవడి ఎక్కి దాటగానే వచ్చే మొదటి నెమ్మది నీళ్లు, బల్ల లాంటి ఒక రాయి ముందు భాగం. రాయి వెనకే చేప ఉంటుందని అందరూ అనుకుంటారు, కానీ నీళ్లు రాయికి తగిలి వెనక్కి నెట్టడం వల్ల ముందు కూడా మెత్తటి చోటు ఏర్పడుతుంది.

సాల్మన్ తగిలినప్పుడు రాడ్ వెంటనే ఎత్తకూడదు. చేప ఎర పట్టి తిరిగేదాకా, లైన్ దానంతట అదే బరువెక్కేదాకా చేయి కదపకూడదు. ట్రౌట్‌కి అడుగున పురుగు ఎర వేసినప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం, లైన్ ఆగీ ఆగగానే ఎత్తాలి. ఒకే రోజు రెండూ చేస్తే చేతికి అయోమయం, అందుకే సాల్మన్ రోజు సాల్మన్‌కే.

ఈ కాలంలో కాలు ఎక్కడ పెడుతున్నామో కూడా చూడాలి. నాచు పట్టిన గులకరాళ్ల మధ్య తెల్లగా, కడిగినట్టు కనిపించే చోటు ఉంటే అది గుడ్లు పెట్టిన గూడు. దాని మీద అడుగు వేస్తే కింద గుడ్లు నలిగిపోతాయి. చుట్టూ తిరిగి పోతాను. ఎగువన డ్యామ్ ఉంటే ఇంకో జాగ్రత్త, దిగగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోవడం. రాయి తడిసిందంటే నీళ్లు పెరుగుతున్నట్టే, ఇంకో విసురు కూడా వేయకుండా బయటకు. వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడవాటి తొడుగు) మీద బెల్ట్, చేతిలో కర్ర ఎలాగూ ఉండాల్సిందే.

వచ్చే నెలల్లో చేయాల్సినవి రాసిపెట్టుకున్నాను. నీళ్లు బాగా తగ్గినప్పుడు ఈ 200 మీటర్లూ నడిచి, గూళ్లకు దూరంగా, రాళ్లు, గుంటలు కాగితం మీద గీయాలి. సింగిల్ స్పే కింది చేతితో గడ్డి మీదే సాధన చేయాలి. టైప్ 3, టైప్ 6 కొనలు రెండిటినీ ఒకే మట్టంలో ఒకే మడుగులో వెంటవెంటనే దింపి, ఏది ఎన్నిసార్లు అడుగు తగిలిందో పక్కపక్కన రాయాలి. ఆ తర్వాతే మడుగు కింద ఉన్న రెండో ముక్కలోకి.