పొత్తు మీద ఏడేళ్లు: నా పీహెచ్‌డీ అనుభవం

జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పుకునే నన్ను మా పిల్లలు ఇప్పుడు "డాక్టర్ మేడమ్, జ్వరమొచ్చింది" అని ఆటపట్టిస్తున్నారు. ఆ రెండక్షరాల కోసం ఏడేళ్లు పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు ఎలా చేశారని అడుగుతుంటే ఇది రాస్తున్నా. చిట్కాలు తక్కువ, తిప్పలు ఎక్కువ.

మొదటి తిప్ప టాపిక్ దగ్గరే. కేంద్రంలో కాంగ్రెసేతర పార్టీలు పొత్తు కట్టి నడిపిన నేషనల్ ఫ్రంట్, యునైటెడ్ ఫ్రంట్ ఎట్ల లేచినయి, ఎట్ల కూలినయి, 1988 నుంచి 1998 దాకా ఆ పదేళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్), నల్గొండ జిల్లాల నుంచి చూస్తే ఎట్ల కనపడతయి? ఇదీ నేను రాసుకుపోయింది. కమిటీలో ఒక పెద్దాయన సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) మొదటి పేజీ కూడా తిప్పకుండానే, "చచ్చిన పామును ఇంకెన్నిసార్లు కొడతారమ్మా? తెలంగాణ ఉద్యమం మీద చేయండి" అన్నాడు. ఉద్యమం మీద అప్పటికే మా డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది చేస్తున్నారో లెక్కపెట్టి చెప్పాను. నా గైడ్ సార్ బల్ల కింద నా కాలు తొక్కారు. నోరు మూసుకున్నా. మూడోసారి పెట్టినప్పుడు ఒప్పుకున్నారు, పేరులో ఒక "అధ్యయనం", ఒక "విశ్లేషణ" ఎక్కువ చేర్చి.

ఈ టాపిక్ మీద నాకెందుకంత పట్టుదల అంటే, మాది అప్పటి పాలమూరు జిల్లాలోని కల్వకుర్తి దగ్గర. 1989లో నేషనల్ ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కింది. ఆ ఫ్రంట్‌కు చైర్మన్ ఎన్.టి.రామారావు. ఆ చైర్మన్ అదే ఎన్నికల్లో మా కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో సుమారు మూడున్నర వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. హిందూపురంలో గెలిచారు కాబట్టి సభలోకైతే వెళ్లారు. పెళ్లి ఢిల్లీలో, పెళ్లిపెద్దకు మాత్రం మా ఊళ్లో దెబ్బ. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఈ మాట రాని ఎన్నిక లేదు. ఎందుకోడిపోయారంటే మాత్రం మనిషికో కారణం.

అందుకే పాత పత్రికలతో మొదలుపెట్టాను. ఒక జిల్లా గ్రంథాలయంలో 1989 నవంబరు ఫైలు ఉందని రిజిస్టరులో ఉంది. ఫైలూ ఉంది. నాకు కావలసిన వారం మాత్రం బ్లేడుతో కోసినట్టు నీటుగా మాయమైంది. వెనక పేజీలో సగం సినిమా ప్రకటన మిగిలింది. అక్కడి ఉద్యోగి చేతులు తుడుచుకుంటూ, "గ్రూప్స్ పిల్లలు మేడమ్, కోస్కపోతరు" అన్నాడు, అది వర్షం పడ్డంత సహజమన్నట్టు. దాంతో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దారి పట్టా. ఆదివారాలు, దసరా సెలవులు అన్నీ అక్కడే. బైండు విప్పితే కాగితం బిస్కెట్టులా విరుగుతుంది. ఒక సలహా మాత్రం ఇస్తా: ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు తేదీ ఉన్న పైభాగం కూడా పడేట్టు తీయండి. నేను మొదటి రెండు వందల ఫొటోలు అట్ల తీయలేదు. ఏ వార్త ఏ రోజుదో తెలియక మళ్లీ పోయాను.

సీట్ల లెక్కలకు ఎన్నికల సంఘం నివేదికలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అవి ముందేసుకుని కూర్చున్నప్పుడు రెండు ఫ్రంట్లలోనూ ఉన్న జనతాదళ్ లోక్‌సభ సీట్ల గీత చూసి నాకే జాలేసింది. 1989లో 143, 1991లో 59, 1996లో 46, 1998లో 6. మెట్లు దిగిన మనిషి లెక్క కాదు, మెట్ల మీంచి జారిన మనిషి లెక్క. ఆ ఆరింటిలో ఒకటి మా మహబూబ్‌నగరే. జైపాల్ రెడ్డి గెలిచింది. ఇది చూసిన రోజు నా థీసిస్‌కు నడుము దొరికిందనిపించింది. ఆయన కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే. 1984లో జనతా పార్టీ తరఫున మహబూబ్‌నగర్ ఎంపీ. 1998లో జనతాదళ్ తరఫున మళ్లీ అక్కడే. 1999 వచ్చేసరికి కాంగ్రెస్ అభ్యర్థిగా మిర్యాలగూడలో. మధ్యేమార్గ పార్టీల పుట్టుక, పెరుగుదల, అంతిమయాత్ర అన్నీ ఒక్క మనిషి నియోజకవర్గాల్లో కనపడతయి. మా రెండు జిల్లాలూ దాటాల్సిన పనే లేదు.

నల్గొండ అధ్యాయం దానంతటదే రాసుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే నల్గొండ బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. గెలిచింది సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం. అదే సంవత్సరం ఆయన పార్టీ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో చేరింది. ఇంద్రజిత్ గుప్తా హోంమంత్రి అయ్యారు. కమ్యూనిస్టులు కేంద్ర మంత్రివర్గంలో కూర్చోవడం అదే మొదటిసారి. అభ్యర్థులు మరీ ఇంతమంది కావడంతో ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు. నీళ్లడిగితే ఫీజు పెంచారని నేను రాస్తే గైడ్ సార్ కొట్టేశారు, "ఇది థీసిస్, కరపత్రం కాదు" అని. సరేనన్నా కానీ ఇక్కడ రాసుకుంటున్నా.

ఇంటర్వ్యూలు 22 చేశాను. పేర్లు బయటపెట్టకూడదని నియమం కాబట్టి అందరికీ నంబర్లే. ఎక్కువమంది రికార్డర్ చూడగానే ప్రసంగం మొదలుపెట్టేవారు. ఛాయ్ తాగి రికార్డర్ ఆపాక అసలు మాట చెప్పేవారు. అందులో పద్నాలుగో ఆయన దగ్గర మాత్రం మూడుసార్లు కూర్చున్నాను. వెల్దండ దాటినాక ఒక పల్లె. ఆయనకు ఎనభై దాటినయి. జనతా రోజుల నుంచి ఆ జెండానే మోసిన మనిషి. నేను "సంకీర్ణ ప్రభుత్వాలకు బయటి నుంచి మద్దతు విషయంలో మీ అభిప్రాయం?" అని ప్రశ్నావళిలో ఉన్నదున్నట్టు చదివాను. ఆయన కోడలి వైపు చూసి, "ఏమంటున్నదే ఈ బిడ్డ?" అన్నాడు.

విప్పి చెప్పాక నవ్వాడు. గోడకు ఆనించి ఉన్న పాత కాడి చూపించాడు. ఎద్దుల్లేవు, కాడి ఉంది.

"పొత్తంటే ఏంది బిడ్డా? ఒంటెద్దు రైతులం ఇద్దరం గల్సి కాడి కడ్తం. ఇయ్యాల నీ చేను, రేపు నా చేను. కొట్లాట రాదంటవా? వస్తది. అయినా ఇద్దరం మేడి పడ్తం కాబట్టి నడుస్తది. గీ బయటి మద్దతోడున్నడు సూడు, ఆడు ఎద్దునిస్తడు గని మేడి పట్టడు. పంట పాడైతే ఆన్కి బదనామ్ లేదు. ఆని చేన్ల అదును రాంగనే, సాలు నడిమిట్ల ఉన్నా సరే, పగ్గం ఇప్పుకొని పోతడు. నువ్వు కాడి పట్టుకొని నిలబడాలె."

నేను రాసుకుంటున్నాను. ఆయనకింకా అయిపోలేదు. "జనతా పార్టీ గుర్తు ఏముండె? చక్రంల నాగలి మోసే రైతు. జనతాదళ్ వచ్చేసరికి రైతు లేడు, వట్టి చక్రమే మిగిలె. గప్పుడే అనుకున్న."

మరి కల్వకుర్తిలో ఎన్టీఆర్ ఎందుకోడారని అడిగా. "రెండుకాడ నిలబడ్డోడు మనకాడ ఉంటడా? గట్లనుకున్నరు జనం. నేను మాత్రం ఏసిన" అన్నాడు. వెంటనే కోడలు లోపలి నుంచి, "మేమైతే ఎయ్యలే" అంది. ఈ ముక్క థీసిస్‌లో పెట్టలేదు.

ఆ ఎద్దు లెక్క నా మూడో అధ్యాయాన్ని మొత్తం తిరగరాయించింది. అప్పటిదాకా నాయకుల గొడవలే కారణమని రాసుకుంటూ పోయాను. పగ్గాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో పట్టిక వేసి చూస్తే కథ వేరేగా కనపడింది. 1988 సెప్టెంబరు 17న మద్రాసు సభతో నేషనల్ ఫ్రంట్ మొదలైంది (మనకు ఆ తేదీ హైదరాబాద్ సంస్థానం విలీనానికి గుర్తు, అది వేరే సంగతి). 1989 డిసెంబరులో వి.పి.సింగ్ ప్రధాని అయ్యేనాటికి ఆ ప్రభుత్వానికి ఒకవైపు బీజేపీ, ఇంకోవైపు వామపక్షాలు బయటి నుంచే ఎద్దులిచ్చాయి. ఆ రెండూ ఒక పందిట్లో కూర్చునేవి కావు. 1990 ఆగస్టులో బీసీ రిజర్వేషన్లపై మండల్ ప్రకటన, సెప్టెంబరులో బీజేపీ నేత అద్వానీ రథయాత్ర మొదలు, అక్టోబరులో ఆయన అరెస్టు, ఆ వెంటనే బీజేపీ తన పగ్గం విప్పేసింది. నవంబరు 7న విశ్వాస పరీక్షలో సర్కారుకు వచ్చినవి 142, వ్యతిరేకంగా 346. ఏడాది కూడా నిండలేదు.

1996లో ఇంకా విచిత్రం. 13 పార్టీలు కలిసి యునైటెడ్ ఫ్రంట్ అయితే, ఎద్దు ఇచ్చింది కాంగ్రెస్. ఇందులో సగం పార్టీలు పుట్టిందే కాంగ్రెస్ మీద కోపంతో. ప్రధాని దేవెగౌడకు పదకొండు నెలలు కూడా దక్కలేదు. తర్వాత ప్రధాని అయిన గుజ్రాల్‌ను దించడానికి రాజీవ్ గాంధీ హత్యపై జైన్ కమిషన్ నివేదిక, అందులో ఫ్రంట్ భాగస్వామి డీఎంకే పేరు కాంగ్రెస్‌కు అందివచ్చాయి. ఆయన 1997 నవంబరు 28న రాజీనామా చేశారు. 1998 ఎన్నికల తర్వాత ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబు నాయుడి తెలుగుదేశమే 12 మంది ఎంపీలతో వాజ్‌పేయి సర్కారుకు బయటి నుంచి మద్దతిచ్చింది. అంటే కాడి కట్టినాయనే ఎద్దునిచ్చేవాడయ్యాడు. ఇది నా మాట కాదు, పద్నాలుగో ఆయనది.

రాయడం అయిపోయిందనుకున్నాక అసలు నరకం మొదలైంది. థీసిస్ తెలుగులో. మా దగ్గర డీటీపీ అంతా అను అనే పాతరకం ఫాంట్‌లో కొడతారు. కాపీ తనిఖీ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగల అక్షరాల పద్ధతి) కావాలి. మార్చి చూస్తే వత్తులన్నీ గాల్లో కలిసిపోయాయి. ఫ్రంట్ కింద రావత్తు రాలిపోయి, నాలుగు వందల పేజీల పొడుగునా "నేషనల్ ఫంట్", "యునైటెడ్ ఫంట్". "క్ష" ఉన్నచోటల్లా ఒక చదరపు డబ్బా. "పక్షాలు" డబ్బా, "ప్రతిపక్షం" డబ్బా, "వామపక్షం" డబ్బా. మా చిన్నోడు చూసి, "అమ్మా, పార్టీలన్నీ డబ్బాల్లో పెట్టినవా" అన్నాడు. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేత్తో సరిచేశాను. మీరు తెలుగులో రాసేటట్టయితే మొదటిరోజు నుంచే యూనికోడ్‌లో కొట్టండి. ఈ వ్యాసంలో మీరు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. ఆపైన తనిఖీలో నిరుడు ఇంకెవరో రాసిన దానితో పోలిక అని ఎర్రగా చూపించింది ఏమిటో తెలుసా? ఎన్నికల ఫలితాల పట్టిక. 143ని నా సొంత మాటల్లో ఎట్ల రాయాలి?

సమర్పించాక అడ్జుడికేటర్ల (థీసిస్ పరీక్షించేవాళ్ల) రిపోర్టులు రావడానికి పద్నాలుగు నెలలు. ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలుసుకోవడానికి ఎనిమిదిసార్లు వెళ్లాను. చివరికి తేలింది, ఫైలు మీద నా ఇంటిపేరు తప్పు రాసి వేరే కట్టలో కట్టేశారట. ఎవరినీ అనలేదు. అంటే ఇంకో పద్నాలుగు నెలలు.

వైవా (మౌఖిక పరీక్ష) రోజు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ మెత్తగానే మొదలుపెట్టారు. "మధ్యేమార్గం, మధ్యేమార్గం అని రాశారమ్మా. దేనికీ దేనికీ మధ్య?" గొంతు ఎండిపోయింది. సిద్ధాంతం చెప్పబోయి ఆగాను. కాంగ్రెస్‌కూ బీజేపీకీ మధ్య సార్, అందుకే ఒకసారి ఈ చేతి మీద, ఒకసారి ఆ చేతి మీద నిలబడాల్సి వచ్చింది అన్నాను. ఆయన వదల్లేదు. "కూలిపోయినవి ఏం మిగిల్చాయి?"

దీనికి మాత్రం తయారుగా ఉన్నా. మండల్ 27 శాతం సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని పక్కనపెట్టి ప్రసారభారతి గురించి చెప్పాను. ఆకాశవాణి, దూరదర్శన్ సర్కారు చేతిలో ఉండకూడదని చట్టం తెచ్చింది 1990లో, నేషనల్ ఫ్రంట్ సర్కారులో సమాచార మంత్రి తెలుగుదేశం పర్వతనేని ఉపేంద్ర. సర్కారు పడిపోయింది, చట్టం ఏడేళ్లు బీరువాలో పడుకుంది. 1997లో దాన్ని లేపి అమలుకు తెచ్చింది గుజ్రాల్ సర్కారులో అదే శాఖ మంత్రి, మా జైపాల్ రెడ్డి. ప్రసారభారతి ఏర్పడింది నవంబరు 23న. గుజ్రాల్ రాజీనామా 28న. ఐదు రోజుల తేడా. ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి, "ఈ ఐదు రోజులు థీసిస్‌లో ఏ పేజీ?" అన్నారు. 311 అన్నాను. తిప్పి చూసుకున్నారు. ఉంది. అక్కడి నుంచి అంతా టీ, బిస్కెట్లే.

పట్టా చేతికొచ్చాక ఒక బైండు కాపీ తీసుకుని వెల్దండ దాటి వెళ్లాను. పెద్దాయన చూపు ఆనడం లేదు. మనవడిని కూర్చోబెట్టి, తన గురించి రాసింది చదవమన్నాడు. పేజీ తీసిచ్చా. పిల్లోడు చదివాడు: "సమాచారదాత 14 అభిప్రాయం ప్రకారం..."

"గదెవరు?"

"నువ్వే తాతా."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎన్టీవోడి పేరు రాసినవు. జైపాల్ రెడ్డి పేరు రాసినవు. నాకు నంబరేసినవా బిడ్డా?"

నియమం అని, అందరికీ అంతే అని చెప్పుకున్నా. వినలేదు. పిల్లోడి స్కూల్ సంచిలోంచి బాల్‌పెన్ను తీయించాడు. 14 పక్కన పేరు రాయించాడు, ఇంటిపేరుతో సహా. రాసింది సరిగ్గా ఉందా లేదా నన్ను చదివి చెప్పమన్నాడు.