సీమోను పేతురు సహోదరుడైన అంద్రెయ

మన స్కూల్లో నన్ను నా పేరుతో పిలిచిన మాస్టార్లు తక్కువ. "నువ్వు ఫలానా వాడి తమ్ముడివి కదూ?" ప్రతి ఏడాదీ కొత్త తరగతి ఈ ప్రశ్నతోనే మొదలయ్యేది. అన్నయ్య నాకంటే రెండు తరగతులు ముందు. లెక్కల్లో ఫస్టు, వక్తృత్వంలో ఫస్టు, ప్రార్థన కూడికలో పాట ఎత్తుకునేదీ తనే. మన స్కూలు పత్రిక ఈ సంచికకు వ్యాసం కూడా ముందు తననే అడిగారని నాకు తెలుసు. తనకు తీరిక లేక నా దాకా వచ్చింది.

మేం పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే. అయితే ఆ విశ్వాసం కూడా నాకు అన్నయ్య తనకు పొట్టయిపోయి వదిలేసిన చొక్కాలాగే వచ్చింది. వేసుకున్నాను, కాస్త వదులుగా ఉండేది. తను మోకరిస్తే నేనూ మోకరించేవాణ్ణి.

తొమ్మిదో తరగతిలో, హాస్టల్ స్టడీ అవర్లో, సోషల్ పుస్తకం చాటున జేబు కొత్త నిబంధన (బైబిల్లో యేసు కథతో మొదలయ్యే రెండో భాగం) చదువుతున్నాను. భక్తితో కాదు, సోషల్ తప్పించుకోవడానికి. యోహాను సువార్త మొదటి అధ్యాయం, 40వ వచనం. బాప్తిస్మమిచ్చే యోహాను మాట విని యేసు వెంట వెళ్లినవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకడు "సీమోను పేతురు సహోదరుడైన అంద్రెయ" అని ఉంది. తర్వాత యేసు శిష్యుల్లో ముందు వరసలో నిలిచిన పేతురు అప్పటికి ఇంకా రానే లేదు! తర్వాత అంద్రెయే వెళ్లి, "మేము మెస్సీయను (దేవుడు పంపుతానన్న రక్షకుణ్ణి) కనుగొంటిమి" అని చెప్పి అతణ్ణి యేసు దగ్గరికి తీసుకొచ్చాడు. ముందొచ్చినవాడికి వెనకొచ్చినవాడి పేరు తగిలించారన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంతోనే మిగతాది చదివాను. ఆరో అధ్యాయంలో ఐదు రొట్టెలు, రెండు చేపలు ఉన్న చిన్నవాణ్ణి చూపించింది అంద్రెయే. అక్కడా పేతురు సహోదరుడే. తన రూపం వెలుగుతో మారిపోయిన రూపాంతరపు కొండ మీదికి యేసు తీసుకెళ్లింది పేతురు, యాకోబు, యోహానులను. పట్టుబడిన రాత్రి ప్రార్థించిన గెత్సేమనేలో కాస్త లోపలికి తీసుకెళ్లిందీ ఆ ముగ్గురినే. అంద్రెయ ఎక్కడైనా అలిగాడేమోనని నాలుగు సువార్తలూ వెతికాను. కనబడలేదు.

దీన్ని అంద్రెయ వినయం మీద ప్రసంగంగా చెప్పడం తేలిక. నాకు తట్టింది వేరు. ఆ మొదటి రోజు అతను యేసు బస చేసిన చోటు చూసి, ఆ దినమంతా ఆయన దగ్గరే ఉండిపోయాడు. అప్పటికి ఏ పనీ చేయలేదు, ఎవరినీ మెప్పించలేదు. జనం తనను ఎవరి సహోదరుడన్నా, తానెవరో ఆ రోజే తేలిపోయింది. మిగిలింది చిరునామా మాత్రమే.

అదే సువార్త చివర, 21వ అధ్యాయంలో, పోల్చి చూసుకునే జబ్బు పేతురుకే పట్టింది. ఇంకో శిష్యుణ్ణి చూపించి "ప్రభువా, యితని సంగతి ఏమగును?" అని అడిగాడు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు యేసు. నన్ను ఇంత కటువుగా, ఇంత ప్రేమగా కసిరినవాళ్లు అప్పటిదాకా లేరు.

క్రైస్తవులను హింసించిన పౌలును మార్చేసిన దమస్కు దారిలో వెలుగులాంటివేమీ నాకు కనబడలేదు. తర్వాతెప్పుడో బాప్తిస్మం నాడు నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, "యేసుక్రీస్తును నీ సొంత రక్షకునిగా అంగీకరిస్తున్నావా?" అని పాస్టరుగారు అడిగారు. గట్టు మీద అన్నయ్య ఉన్నాడు. ఆ ప్రశ్నకు తను జవాబు చెప్పడానికి వీల్లేదు. నాకు చలితో పళ్లు కొట్టుకుంటున్నాయి. అయినా "అంగీకరిస్తున్నాను" అన్న గొంతు నాదేనని నాకు స్పష్టంగా తెలిసింది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం. ఉద్యోగంలో చేరాక తమ్ముడి స్థానంలోకి హోదా వచ్చింది. విజిటింగ్ కార్డు మీద పేరు కంటే దాని కింది వరసే పెద్దదిగా కనిపించేది. అప్పుడు యెషయా 43వ అధ్యాయం పట్టుకున్నాను: "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." ఆ మాట ఒక జనాంగానికి చెప్పింది. నా ఒక్కడికే అతికించుకోవడం నాకిష్టం లేదు. పేరుపెట్టి పిలిపించుకున్నవాళ్ల గుంపులో నేనూ ఒకణ్ణి, చాలు.

ఈ మధ్య ఇదంతా అన్నయ్యకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. "ఇంజనీరింగ్‌లో మొదటిసారి ఫస్టు రానప్పుడు నేనెవరో నాకు అర్థం కాలేదురా" అన్నాడు. ఫిలిప్పీలోని విశ్వాసులకు రాసిన పత్రిక (లేఖ) మూడో అధ్యాయంలో పౌలు తన గొప్పలు వరసగా రాసుకుంటాడు: ఎనిమిదో దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు, ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడు (దాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడు). ఆ వెంటనే, క్రీస్తు కోసం వాటన్నిటినీ నష్టంగా ఎంచుకున్నానంటాడు. అన్నయ్య ఆ పేజీ దగ్గర చాలా ఏళ్లు ఆగిపోయాడట. మొదటి సగం తన ప్రోగ్రెస్ కార్డే, రెండో సగమే మింగుడు పడలేదట.

"నీకేంరా, చిన్నప్పటి నుంచీ ఒకరి వెనకాల నడవడం అలవాటు," అన్నాడు. "నేను కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది."