249 డాలర్ల స్ట్రాటోకాస్టర్ నిజంగా చవకేనా?

1954లో అమెరికాకు చెందిన ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా స్ట్రాట్) ధర 249 డాలర్ల 50 సెంట్లు. ట్రెమొలో (తీగల శ్రుతిని ఊపే మీట) అక్కర్లేదనుకుంటే 20 డాలర్లు తగ్గేది. కేసు ఇందులో కలవదు, దానికి మరో 39.95. ఈ అంకె చూసి "అబ్బ, ఆ రోజుల్లో ఎంత చవక!" అనేవాళ్లే ఎక్కువ. అప్పటి జీతాలతో పోల్చి చూస్తే మాట మారిపోతుంది.

ఆ ఏడాది అమెరికాలో కనీస వేతనం గంటకు 75 సెంట్లు. ఆ కూలీ మీద బతికే కుర్రాడు ఒక స్ట్రాట్ కొనాలంటే దాదాపు 333 గంటలు, అంటే ఎనిమిది వారాలకు పైగా పనిచేయాలి. అదీ తిండికీ అద్దెకూ పైసా తీయకుండా. ద్రవ్యోల్బణం కలిపి 2024 డాలర్లలోకి మారిస్తే ఆ 249.50 సుమారు 2,900. మెక్సికోలో తయారయ్యే ఫెండర్ ప్లేయర్ 2 స్ట్రాట్ 2024లో 800 డాలర్లకు వచ్చింది. ఇప్పటి ఫెడరల్ కనీస వేతనం 7.25తో లెక్కేస్తే 110 గంటలు. ఆ వేతనం 2009 నుంచి కదలలేదు, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువే ఇస్తారు కాబట్టి అసలు గంటలు ఇంకా తక్కువ. 2023లో 200 డాలర్లకు వచ్చిన స్క్వయర్ (ఫెండర్‌దే చవక బ్రాండ్) సోనిక్ స్ట్రాట్‌కైతే 28 గంటలు చాలు.

ఇంతలా ఎలా దిగింది? 1982లో ఫెండర్ జపాన్ మొదలైంది, 1987లో మెక్సికోలోని ఎన్సెనాడా ఫ్యాక్టరీ తెరిచారు. ఆ తర్వాత కొరియా, ఇండోనేషియా, చైనా. దానికి కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ కోత యంత్రాలు తోడయ్యాయి. బాడీ కోత, నెక్ ఆకారం ఇప్పుడు 200 డాలర్ల గిటార్‌లోనూ కొలత తప్పవు. చేతిపని మిగిలింది ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) దగ్గర, నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడుల దగ్గర. ఖర్చు తగ్గించేదీ అక్కడే. అందుకే చవక గిటార్ కొంటే ముందు నెక్ అంచు వెంట వేలు జరిపి చూడండి. ఎండాకాలం గాలిలో తేమ తగ్గితే చెక్క కుంచించుకుంటుంది, ఫ్రెట్ లోహం కుంచించుకోదు. దాంతో కొసలు బయటికొచ్చి చర్మానికి గీసుకుంటాయి. సన్నటి ఆకురాయితో సరిచేయవచ్చు, గిటార్ పాడైనట్టు కాదు. నట్ గాడులు లోతు చాలకపోతే మాత్రం మొదటి ఫ్రెట్‌లో పట్టిన ప్రతి కార్డూ (కలిపి మోగించే స్వరాల గుంపు) శ్రుతి పైకి పోతుంది. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) మార్చినా లాభం ఉండదు.

పాత కేటలాగులతో పోల్చేవాళ్లు తరచూ పప్పులో కాలేసేది ఒక చోట. 1980లు, 90ల్లో అచ్చయిన లిస్ట్ ధరను అమెరికా దుకాణాల్లో ఎవరూ పూర్తిగా చెల్లించేవారు కాదు, బాగా తగ్గించే అమ్మేవారు. ఇప్పుడు వెబ్‌సైట్లలో కనిపించేది దాదాపు అసలు అమ్మకం ధరే. రెండింటినీ పక్కపక్కన పెడితే పాత గిటార్ లేనిపోని ఖరీదుగా కనిపిస్తుంది.

ఇక పాతవాటి సంగతి పూర్తిగా వేరు. ఫెండర్‌కు పోటీ కంపెనీ గిబ్సన్ తయారుచేసిన లెస్ పాల్ స్టాండర్డ్ 1959లో 265 డాలర్లు. అమ్ముడుపోక 1960తో ఆ రూపాన్నే ఆపేశారు. 1966 ప్రాంతంలో ఎరిక్ క్లాప్టన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ లాంటి పేరున్న గిటారిస్టులు అదే గిటార్ పట్టుకునేసరికి గిరాకీ లేచింది. 1968లో కంపెనీ లెస్ పాల్‌ను మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు. ఇవాళ అసలైన 1959 సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా రంగు వేసిన ఆ లెస్ పాల్)కు లక్షల డాలర్లు పలుకుతాయి. ఈ ధర మోగే తీరుకు కాదు, దొరకనితనానికి. కొత్త లెస్ పాల్ స్టాండర్డ్ 50స్ 2019లో 2,499 డాలర్లకు వచ్చింది. ద్రవ్యోల్బణం లెక్కన 1959 ధరకు అటూఇటూ అంతే.

పాతది కొనేవాళ్లు రంగు, హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల భాగం), పొటెన్షియోమీటర్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) చూడాల్సిందే. రంగు మళ్లీ వేసి ఉంటే విలువ దాదాపు సగానికి పడుతుంది. గిబ్సన్ హెడ్‌స్టాక్ ఎక్కువగా 17 డిగ్రీలు వెనక్కి వంగి ఉంటుంది, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) కోసం తొలిచిన గుంత సరిగ్గా నట్ వెనకే వస్తుంది. కింద పడితే విరిగేది అక్కడే. విరిగి అతికిందంటే అదీ సుమారు సగం ధరే. పొటెన్షియోమీటర్ వెనక 1376612 అని ఉంటే 137 అంటే దాన్ని చేసిన సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 12 అంటే పన్నెండో వారం. గిటార్ అంతకంటే ముందుది కాదని మాత్రమే ఇది చెబుతుంది. ఫెండర్ 1966లో పెద్ద ఎత్తున కొన్న సరుకును 1969 దాకా వాడుకుంది, కాబట్టి నెక్ మడమ (బాడీకి బిగించే కొస) మీది తేదీ కూడా చూడాలి.

చెక్క కూడా ధరతో ఆడుకుంది. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి మొత్తం సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలోకి వచ్చింది. ఆ జాతిదే అయిన మన ఇరుగుడు చేవతో చేసే ఫింగర్‌బోర్డులకు (నెక్ మీద వేళ్లు ఆనే పలక) కాగితాల తంటా మొదలైంది. దాంతో ఫెండర్ మెక్సికో గిటార్లకు పౌ ఫెర్రో అనే వేరే చెక్క వాడింది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది.

అమెరికా ధరను రూపాయల్లోకి మార్చి ఇక్కడి దుకాణంతో బేరమాడటం దండగ. రవాణా, కస్టమ్స్, జీఎస్టీ కలిశాకే ఇక్కడి ధర పడుతుంది. అక్కడున్న మనవాళ్ల చేత తెప్పించుకునేటప్పుడు గిటార్‌తో కరెంటు గొడవ లేదు. ఆంప్‌తో (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఉంది. అక్కడివి ఎక్కువగా 120 వోల్టులవి, మన 230కి నేరుగా పెడితే ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో పోతుంది. వెనక వోల్టేజ్ మార్చే స్విచ్ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. అది ఆంప్ వెనక రాసి ఉన్న వాట్లకంటే కాస్త ఎక్కువ మోయగలిగేది కావాలి, ఆ ఖర్చూ ముందే కలుపుకోండి.