ఫైర్‌వాల్ మీద ఓఎస్‌పీఎఫ్: రూటింగ్ తెలిస్తే సరిపోదు

రూటర్లు దారులను ఒకదానికొకటి తెలుపుకునే ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రొటోకాల్‌ను రూటర్ల మీద ఏళ్ల తరబడి నడిపినవారు కూడా ఫైర్‌వాల్ దగ్గరకు వచ్చేసరికి ఒక సంగతి మరచిపోతుంటారు: ప్యాకెట్ తన కోసమే వచ్చినా, రూలు లేకపోతే ఫైర్‌వాల్ దాన్ని లోపలికి రానివ్వదు. పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో, ఓఎస్‌పీఎఫ్‌ను నడిపే ఎఫ్‌ఆర్‌ఆర్ ప్యాకేజీ వేసి, రూటర్ ఐడీ ఇచ్చి, ఇంటర్‌ఫేస్‌లను ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్‌కు వెన్నెముక లాంటి ఏరియా 0లో చేర్చడం తేలికే. అయితే ఓఎస్‌పీఎఫ్ టీసీపీనీ వాడదు, యూడీపీనీ వాడదు; 89వ నంబరు ప్రొటోకాల్‌గా నేరుగా ఐపీ మీద నడుస్తూ 224.0.0.5 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి పలు రూటర్లకు చేరే) చిరునామాకు, పక్క రూటర్లను (నైబర్లను) కనుగొనే హలో ప్యాకెట్లు పంపుతుంది కనుక, పోర్టులు తెరిచే రూలు దానికి పనికిరాదు. మన హలో బయటికి వెళ్లి, అవతలి హలో మన దగ్గర ఆగిపోతే, మన వైపు నైబర్ జాబితా ఖాళీగా ఉంటుంది, అవతలి వైపు మాత్రం మన పేరు పక్కన 'ఇనిట్' (పరిచయం సగంలో ఆగిన స్థితి) అని కనిపిస్తుంది. అలా కనిపించిందంటే ముందు మన రూలే చూసుకోవాలి.

డేటాబేస్ మార్పిడి మొదలయ్యే 'ఎక్స్‌స్టార్ట్' దశ దగ్గర నైబర్ ఆగిపోతే అనుమానించవలసింది ఎంటీయూను, అంటే లింకు మోయగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని. ఒక వైపు 1500, టన్నెల్ వైపు 1400 ఉంటే హలోలు చక్కగా నడుస్తాయి గానీ డేటాబేస్ మార్పిడి ముందుకు సాగదు. ఎంటీయూను పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది కానీ, రెండు వైపులా ఒకే విలువ పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది.

అసలు చిక్కు నైబర్ 'ఫుల్' (మార్పిడి పూర్తయిన స్థితి) అయ్యాక వస్తుంది. రెండు ఫైర్‌వాళ్లు, రెండు లింకులు ఉన్నచోట దారి ఎంపికకు వాడే కాస్ట్ విలువ ఒక్కో వైపు ఒక్కోలా ఉంటే, కనెక్షన్ కోరే సిన్ ప్యాకెట్ మొదటి ఫైర్‌వాల్ గుండా వెళ్లి, దానికి జవాబైన సిన్-యాక్ రెండో దాని గుండా తిరిగి వస్తుంది; ఆ కనెక్షన్ స్టేట్ (నమోదు) తన దగ్గర లేదు కాబట్టి రెండోది దాన్ని పారవేస్తుంది. రూటింగ్ టేబుల్‌లో వెతికితే తప్పేమీ దొరకదు, ఎందుకంటే ఓఎస్‌పీఎఫ్ దృష్టిలో రెండు దారులూ సరైనవే. స్టేట్ తనిఖీని సడలించే స్లాపీ స్టేట్ పెట్టి గట్టెక్కవచ్చు గానీ, అప్పుడు ఫైర్‌వాల్ చేయవలసిన తనిఖీలో కొంత వదులుకున్నట్లే. కాస్ట్‌లను రెండు దిశల్లోనూ సమంగా సరిచేయడం మేలు.

యూజర్ల ల్యాన్‌ను పాసివ్‌గా ఉంచాలి: సబ్‌నెట్ ప్రకటితమవుతుంది, హలోలు మాత్రం అటు వెళ్లవు. వేరే దారి తెలియని ట్రాఫిక్ అంతా వెళ్లే డిఫాల్ట్ రూటును ప్రకటించేటప్పుడు 'ఆల్వేస్' (ఎప్పుడూ ప్రకటించు) ఎంచుకోకపోవడం మంచిది. ఎంచుకుంటే, ఇంటర్నెట్ లింకు పడిపోయి తన డిఫాల్ట్ రూటు పోయినా ఆ ఫైర్‌వాల్ ట్రాఫిక్‌ను తన వైపే లాగుతూ ఉంటుంది, పక్కన రెండో లింకు ఖాళీగా ఉన్నా సరే.