దిమ్మ మీద సరిగ్గా కనబడిందంటే తప్పన్నమాట

గోళ్ల సందుల్లో నల్లరంగు ఇంకా పోలేదు. కోపం తగ్గకముందే రాసేస్తున్నా.

అక్క గృహప్రవేశానికి 60 కార్డులు లినోకట్‌తో, అంటే లినోలియం షీటు మీద బొమ్మ చెక్కి రంగు పూసి కాగితం మీద అద్ది, ఇంట్లోనే అచ్చేస్తానని గొప్పలు పోయాను. "కాళహస్తి పక్కనే ఉన్నాం, అచ్చులు మనకు కొత్తా" అన్నారు చుట్టాలు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మంట. కాళహస్తి కలంకారీలో బట్ట మీద కలంతో గీస్తారు. చెక్క అచ్చులతో అద్దేది పెడన, మచిలీపట్నం వైపు.

గాంధీ రోడ్డులో ఒక షాపతను లినోలియం అడిగితే గచ్చు మీద పరిచే ప్లాస్టిక్ షీటు అంటగట్టాడు. దాని మీద ఉలి జారి చేతికి తగిలింది. అసలుది ఆన్‌లైన్లో తెప్పించా. కాసేపు ఎండలో పెడితే మెత్తబడి సబ్బులా తెగుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకాలే ఉండాలి.

రెండు రాత్రులు చెక్కా. పైన కమలం, కింద శ్రీరస్తు. త ఒత్తుకే గంట పట్టింది. రోలర్‌తో రంగు పూసి, కాగితం పరిచి, గరిటె వెనక వైపుతో రుద్ది, ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ లేపాను.

కమలం అదిరింది. అక్షరాలు మాత్రం కుడి నుంచి ఎడమకి. శ్రీకి ఎడమ నుంచి చుట్టుకోవాల్సిన క్రావడి కుడి నుంచి చుట్టుకుంది. "కార్డుతో పాటు తలా ఒక అద్దం ఇద్దాంలే" అన్నాడు బావ. అక్క నవ్వలేదు. "ప్రెస్సాయన నంబరు ఉందా?" అని మెల్లగా అమ్మనడిగింది. అదీ నన్ను చంపేసింది.

పెదనాన్న ఒకప్పుడు ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చినాయన. కాగితం వైపు చూడనేలేదు, నేను చెక్కిన దిమ్మ తీసుకున్నాడు. "దిమ్మ మీద సరిగ్గా కనబడిందంటే తప్పు చేసినట్టే అబ్బయా" అన్నాడు. వీడియోల వాళ్లు ఈ ముక్క గట్టిగా చెప్పరు. వాళ్లు చెక్కేది ఆకులూ పిట్టలే, తిరగబడినా అడిగేవాడు లేడు.

కమలాన్ని ఉంచి అక్షరాల పట్టీ కోసి పారేశా. ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, బోర్లించి, వెనక నుంచి స్పూన్‌తో రుద్దితే అక్షరాలు తిరగబడి కొత్త ముక్కకి దిగాయి. మళ్లీ చెక్కా.

మే ఎండకి నీళ్ల రంగు రోలర్ మీదే ఎండిపోతోంది. ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ, చెంచాడు చెంచాడే వేసుకున్నా. రోలర్ చిటచిటమంటే రంగు సరిపోయినట్టు.

53 నిలిచాయి. బావకి మాత్రం ఆ మొదటి కార్డే ఇచ్చా.